రబ్బరు కప్ప

"దగ్గరకి రావే తల్లీ, నువ్వు పంపిన రబ్బరు కప్ప సంగతి చెప్తాను," అన్నాను మనవరాలితో, కొరమేనుని బూడిదతో తోముతూ.

"తాతయ్యకి నచ్చిందా అమ్మమ్మా?"

"పక్షవాతం వచ్చాక బతికున్న కప్పని ఎరగా గాలానికి గుచ్చబోతే, తాతయ్య చెయ్యి వణికి జారిపోయేది. ఏడాదిగా బంటుమిల్లి కాలవ వైపే వెళ్ళలేదు. నీ కప్పకి గాలం పొట్టకిందే ఉందిగా, గుచ్చే పనే లేదు! కానీ ఎండిపోతుందని దాన్ని తడిగడ్డిలో, కుండలో దాచారు."

"అయ్యో, రబ్బరుది కదా!"

"అలవాటు మరి! మూతకి గాలాడే చిల్లు కూడా పెట్టారు."

"మరి ఈ చేప?"

"పొద్దున్న నీ కప్పతోనే, ఒక్కరే వెళ్ళి పట్టారు. గుమ్మంలోంచే 'పులుసు పెట్టవే' అని కేకేశారమ్మా! అలాంటి కేక విని ఏడాదైంది. నువ్వు చల్లగా ఉండాలి. ఇంటికెళ్ళాక ఈ సంగతి మీ అమ్మకీ తాతయ్యలాగే కేకేసి చెప్పు."