నేల మీద మంచు ఉంటేనే

హలో… ఆ, నేనే వదినా, క్లేటస్‌ని. స్కూల్ నుంచి…

బోజో, బోజో… ఏం, పలకరింపులోనే మార్కులు పోయాయా?… పోనీండి, అలవాటే.

పొగాకు అందిందా?… అమ్మయ్య. పెద్దవాళ్ళని ఏదైనా కోరాలంటే పొగాకు చేతికిచ్చి అడగాలి, నేనేమో పోస్టులో పంపాను. సిగ్గుగానే ఉంది…

గొంతు ఎలా ఉంది?… సోమవారమేనా ఆపరేషన్?… మాట మళ్ళీ వస్తుందనే కదా అన్నాడు డాక్టరు?…

ఓహో. చెప్పలేనన్నాడా…

అందుకే చేశాను వదినా. ఆ కథ… అదే, మీ చెల్లెలు ఒరెట్టా ప్రతి శీతాకాలం పిల్లలకి చెప్పేదే. దాని పేరెత్తను, నేల మీద మంచు ఉంటేనే కదా ఎత్తాలి, ఇక్కడ లేదు… ఆ, ఆ మాత్రం పద్ధతి నాకూ తెలుసు.

దాని చివర కావాలి. తను పోయాక మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు…

విన్నాను, ఎందుకు వినలేదు! ముప్పై నాలుగు శీతాకాలాలు విన్నాను. సగమే. అక్కడికొచ్చేసరికి నిద్ర పట్టేసేది… నవ్వండి. ఒరెట్టా కూడా నవ్వేది. కథ ఆపకుండానే నా మీద దుప్పటి కప్పేది. పొద్దున్నే, 'చివర బాగుందా?' అని అడిగేది. 'అద్భుతం' అనేవాణ్ణి…

మీకు చెప్పిందా! ప్రతి ఏడూనా?…

ఇప్పుడు ఈ స్కూల్లో మన తెగ భాష పొటవాటమీకి పంతుల్ని నేనే. కాలేజీ పట్టా గోడకి వేలాడుతోంది. ఐదుగురు పిల్లలు. పోయినేడు మంచు పడ్డ రోజున ఆ సగం కథా చెప్పాను. టెస్సా అని ఏడేళ్ళది, 'తర్వాతేమైంది?' అంది. 'తర్వాత అందరూ పడుకున్నారు' అన్నాను… నమ్మలేదు. ఏడాదిగా అడుగుతూనే ఉంది.

ఈసారి మంచు పడగానే మీకు ఫోన్ చేద్దామని నవంబరు నుంచి కిటికీ దగ్గరే కాపలా. మార్చి వచ్చేసింది. కాన్సాస్‌లో చిటికెడు పడితే ఒట్టు…

అబ్బే, ఊరికే కూర్చోలేదు. పొద్దున ఫ్రీజర్ గీకాను. బేసిన్ నిండా వచ్చింది. స్కూలు మెట్ల ముందు పరిచాను… నిజం! కుక్క వచ్చి నాకేసింది…

వదినా, అంతలా నవ్వితే గొంతు…

ఆఁ? మళ్ళీ చెప్పండి.

మంచు చెప్పేవాళ్ళ కాళ్ళ కింద ఉంటే చాలా?…

మీకక్కడ ఎంతుంది?… కిటికీ దాకానా! నవంబరు నుంచీనా!

అక్కడ పడిందా అని అడగలేదు వదినా. తట్టలేదు. ఫోన్ చేతిలోనే పెట్టుకుని ఆకాశం కేసి చూస్తున్నాను… అనండి, పర్లేదు. మీ చెల్లెలైతే ఇంకా ఘాటుగా అనేది.

ఇప్పుడే చెబుతారా? అలిసిపోరూ?… సరే. మెల్లగానే చెప్పండి, అంతా మన భాషలోనే. ఇంగ్లీషు వద్దు. రికార్డు చేసుకోవచ్చా?… మంచు పడ్డప్పుడే వినిపిస్తాను. ఒట్టు.

పిల్లలూ, ఇటు రండి. టెస్సా, ఆ తలుపు వెయ్యమ్మా. విస్కాన్సిన్ నుంచి అవ్వ కథ చెబుతుంది… ఆ, చివరిదాకా.

ఏంటి వదినా?… నాకు కునుకు పడితే?…

టెస్సా, నువ్వు నా పక్కన కూర్చో. నా కళ్ళు మూతలు పడితే గిల్లమంటోంది అవ్వ… గట్టిగానే.

మీగ్వెచ్ వదినా, ఈ మేలు మరిచిపోను. స్పీకర్ పెట్టి ఫోన్ బల్ల మీద ఉంచుతున్నాను…

సగం నుంచి కాదు. మొదటి నుంచీ చెప్పండి.