లైటు వెయ్యనివ్వని దర్శకురాలు

1991 ఆగస్టు 19న సంగారెడ్డిలోని మా కార్మిక భద్రతా చిత్ర విభాగంలో సహాయ దర్శకురాలిగా చేరిన శ్రీమతి ఏంజెలిన్ గారు, ముప్పై నాలుగేళ్ల సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

బీరంగూడలో ఉపాధ్యాయ దంపతుల ఇంట జన్మించిన వారు 1998లో దర్శకురాలై, పటాన్‌చెరు పరిసర కర్మాగారాల జీవనంపై నలభైకి పైగా డాక్యుమెంటరీలు తీశారు. 2009లో సెలవు పెట్టి, హత్నూర రైతులనే నటులుగా చేసుకొని ఒక కథాచిత్రానికి దర్శకత్వం వహించారు. అది నాలుగు రోజులే ఆడిందని వారే నవ్వుతూ చెబుతారు.

స్వభావరీత్యా వారు భయస్థురాలు. చిత్రీకరణకు ముందు అరచేతులు చెమర్చేవి. ఆ సంగతి ఎన్నడూ దాచలేదు.

2014 వేసవిలో ఒక మందుల కర్మాగారపు షెడ్డులో పదకొండు మందిమి ఉన్నాం. లైట్‌మన్ లింగాన్ని నేనే; స్విచ్చి మీద చెయ్యి పెట్టి ఆజ్ఞ కోసం చూస్తున్నాను. అప్పుడు డ్రమ్ములు కడిగే నర్సింహమ్మ గారు దర్శకురాలి చెవిలో అన్నారు:

“అమ్మా, పొద్దుగాల నుంచి గా పైపు కాడ ఘాటు వాసనొస్తున్నది. తల తిరుగుతున్నది. నేను చెప్పిన్నని తెలిస్తే నా పని పోతది.”

ఏంజెలిన్ గారికి ఆ రోజు తీవ్రమైన జలుబు. ఏ వాసనా తెలియదు. అది మండే ఆవిరే అయితే, లైటు వేస్తే ఏమవుతుందో! ఆపాక ఏమీ లేదని తేలితే ఉద్యోగం ఏమవుతుందో!

“లింగం, లైటెయ్యకు! అందరు బయటికి నడువుండ్రి!”

కర్మాగారపు మేనేజర్ సుధీర్ అడ్డుపడ్డారు. “మేడం, గీ వాసన రోజు ఉండేదే. ఎవరు చెప్పిండ్రు మీకు?”

“ఎవరు చెప్పలే. నాకే వాసనొచ్చింది.”

అగ్నిమాపక సిబ్బంది వచ్చేదాకా నలభై నిమిషాలు ఏంజెలిన్ గారు ప్రహరీ పక్కన నేల మీదే కూర్చున్నారు. ఎదురుగా సుధీర్ గారు ఫోనులో మా పై అధికారికి ఫిర్యాదు చేస్తున్నారు. సిబ్బంది తెచ్చిన, మండే ఆవిరిని కొలిచే యంత్రం షెడ్డు గడపలోనే కీచుమని అరిచింది.

“లైటు ఏసుంటే ఒక్కలు గూడ మిగలకపోతుండె,” అన్నాడు అగ్నిమాపక అధికారి.

ఏంజెలిన్ గారు అక్కడే వాంతి చేసుకున్నారు. విచారణలో ఎందరు అడిగినా నర్సింహమ్మ గారి పేరు చెప్పలేదు. ఆమె పని మానేశాక, కిందటి నెల తానే అనుమతించినందున ఇక్కడ రాస్తున్నాను.

ఆ సాయంత్రం ఇళ్లకు చేరిన మా అందరి ఆయుష్షులోంచి తలా కొంత తీసి వారికి కలపగలిగితే కలిపేవాళ్లం. అది మా చేతుల్లో లేదు గనుక, భర్త థామస్ గారితో కలిసి వారు ఆరోగ్యంగా, నిర్భయంగా బహుకాలం జీవించాలని చేతులు జోడించి వేడుకుంటున్నాం.