ఎవరికీ దొరకని పిల్ల

ఆపదొస్తే ఎలా దాక్కోవాలో నేర్పే నిన్నటి భద్రతా డ్రిల్లులో కూతురు ఎలా చేసిందో చూడాలని ముచ్చటపడి, ఆ తల్లి బడిలోని కెమెరా గదికి వచ్చింది. క్లాస్ టీచర్ తెర చూపిస్తోంది.

“సైరన్ మోగగానే అంతా బల్లల కింద దూరారు. మీ అమ్మాయి బీరువా వెనక్కి వెళ్ళింది, చూడండి.”

“బెల్లు కొట్టాక అందరూ బయటికొచ్చేశారు. ఇదేంటండీ, కదలదు?”

“ఇద్దరిద్దర్ని జత కట్టమని, జత పిల్ల వచ్చి పిలిస్తేనే లేవమన్నామండి. చెప్పిన మాట జవదాటదు మీ అమ్మాయి.”

“దాని జత ఎవరు?”

“పిల్లల్నే ఎంచుకోమన్నాను. బేసి సంఖ్య కదా... ఒకరు మిగిలిపోయారు.”

“పాఠం కూడా మొదలెట్టేశారే! ఇన్ని కెమెరాలు పెట్టుకుని, ఒక్కరి కన్నూ పడలేదా?”

“అవి బయటివాళ్ళెవరైనా వస్తారేమోనని పెట్టినవండి. నాదే తప్పు. ఇంటికొచ్చి బాగా ఏడ్చిందా?”

తెరమీద బీరువా పక్కన రిబ్బను కొస ఒక్కటే కనిపిస్తోంది. తల్లి దాని మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

“ఏడవలేదండి. గెంతుకుంటూ వచ్చింది. ‘అమ్మా, అందరికంటే నేనే బాగా దాక్కున్నా, ఒక్కళ్ళకీ దొరకలేదు’ అంది. నేనూ మురిసిపోయి ముద్దు పెట్టుకున్నాను.”