మబ్బుకు తట్టుకున్న గొంగడి

నాటించిన మొక్కలన్నీ చచ్చిపోయాయి. ఒక్క ఏడు కాదు, నాలుగు వానకాలాలు. గోదావరి వైపు ఒక ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో, తవ్వి పోసిన మట్టిగుట్ట మీద పచ్చదనం పెంచడం నా ఉద్యోగం. వేర్లు పట్టని ఆ మట్టి వాన పడితే జారి కింది మిరప చేలను కప్పేస్తోంది. ఐదోసారి కూడా పోతే గుట్టను అలాగే వదిలేస్తామన్నారు పైవాళ్లు. నాలుగు రోజులు సెలవు పెట్టి మా ఊరు మర్రిగూడ వచ్చాను.

జానమ్మ హోటల్ ముందు చాయ్ చేతికి వచ్చేసరికి గొర్ల కాపరి గుర్వయ్య కాక మొదలుపెట్టేశాడు. నేనెక్కడ పనిచేస్తానో ఆయనకు తెలియదు.

"మొన్నటేడు ఎండకాలం మందను గోదారి దిక్కు తోలిన. గాడ మిరప చేన్ల పక్క బొగ్గుబాయి మట్టిగుట్ట మీద ఒక్కపారి మంద పెట్టిన. గంతే, పెద్ద ముచ్చటేం గాదు."

"గుట్ట మీద ఎందుకు పెట్టినవే?" అన్నాడు ఆటో విజేందర్.

"బతిలాడితె పెట్టిన! పెద్ద సారు జీపుల వచ్చి, గుర్వయ్యా, మా మొక్కలన్ని మాడిపోతున్నయి, నీ గొర్లను జర పండబెట్టు అన్నడు. మన చేన్ల మంద పెడితె పెంటికలు పడి నేల సత్తువ పట్టదా, గట్లనే అని. సరే అని మున్నూరు గొర్లను పండబెట్టిన. తెల్లారి చూస్తె మడిమెల దాంక గడ్డి! మాపటికి మోకాళ్ల దాంక. మర్నాడు గొర్లే కనవడకపాయె, ఈల ఏసి ఒక్కొక్కదాన్ని ఏరుకున్న. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"గొర్లు గూడ పెరిగినయా?" అంది జానమ్మ, చాయ్ వడగడుతూ.

"నవ్వకు జానమ్మా, ఇను. అంబలి తాగుదమని గొంగడిని ఇంతంత తుమ్మ మొలక మీద ఆరేసిన. ముంత దించి మూతి తుడుసుకునెలోపట చెట్టు లేచిపాయె! గొంగడి మబ్బులల్ల ఊగుతాంది. పక్క కొమ్మకు నా పొట్టేలు ఏలాడుతాంది, ఆకు నములుతనే ఉన్నది, దానికేం ఫికర్! బొగ్గు ఎత్తె పెద్ద మిషన్ తెచ్చిన్రు దించనీకె. అందలే. పొయ్యే మబ్బులు నా గొంగడికి తట్టుకొని ఆగిపాయె. వారం దినాలు గా ఒక్క గుట్ట మీద్నే వాన! నూరు టన్నుల డంపర్ గా అడివిల తొవ్వ తప్పింది, డ్రైవర్ మూడొద్దులు పండ్లు తిని బతికిండు. ఆఖర్కి పెద్ద సారు చేతులు జోడించి, గుర్వయ్యా, బొగ్గు తవ్వుడు బంద్ పెడ్తం, నీ మందను తోలుకపో, లేకుంటె మా ఆఫీసు గూడ చెట్టెక్కుతది, అన్నడు!"

గ్లాసు కింద పెట్టాను. "కాకా, ఆ గుట్ట మీద నాలుగేండ్ల సంది మొక్కలు నాటించేది నేనే. నేను నాటింది ఒక్కటి బతకలే."

విజేందర్ పగలబడి నవ్వాడు. "మరి గొంగడి ఎవలు దించిన్రే?"

గొంగడి ఆయన భుజం మీదే ఉంది. దాన్ని సర్దుకున్నాడు. "నేను గుట్ట మీదికి పోయింది మాత్రం నిజమే బిడ్డా. ఒక్క రాత్రే. తెల్లారకముందే సెక్యూరిటోడు కట్టె పట్టి తరిమిండు."

"ఏ దిక్కు పెట్టినవ్?"

"నీళ్ల ట్యాంకు ఎనుక, వంపుల."

నేను బెంచీ మీద ముందుకు జరిగాను. ట్యాంకు వెనుక కల్లమంత జాగాలో, మేము నాటని తుమ్మ మొలకలు రెండేళ్లుగా బతికే ఉన్నాయి. గడ్డి కూడా. ఎలా వచ్చాయో అర్థం కాక రిపోర్టులో రాయనేలేదు.

"అంతకు ముందు గొర్లు ఏం మేసినయి?"

"ఎండకాలం ఏముంటది బిడ్డా? తొవ్వ పొంటి తుమ్మకాయలే."

కాయ తిన్న గొర్రె గింజను ఎరువుతో సహా వేసి పోయింది. నేను గుంతలు తవ్వించి, ట్యాంకర్లతో నీళ్లు పోయించి చేయలేనిది, ఒక్క రాత్రిలో, తరిమేలోపు.

"ఈ ఏడు మంద మల్ల తోలుతవా కాకా? గుట్టంత, జాగా మార్చుకుంట, వానలు పడేదాంక. సెక్యూరిటోళ్లతోని నేను మాట్లాడ్త."

"పెద్ద సారు జీపుల వస్తడా?"

"రాడు. నేను బస్సుల వస్త."

"బస్సంటె బస్సే," అన్నాడు.

మూడు వానకాలాలైంది. తుమ్మలు నా నడుం దాకా వచ్చాయి. కాక లెక్కలో మబ్బుల దాకా. కింది మిరప చేలలోకి మట్టి దిగడం ఆగింది. ఇక నర్సరీ మొక్క ఒక్కటి కూడా ఆ గుట్ట ఎక్కించనని జానమ్మ బెంచీ మీదే అనుకున్నాను. పైవాళ్లు రెండుసార్లు లారీ నింపి పంపారు. రెండుసార్లూ తిప్పి పంపాను.