చప్పుడు లేని ఇంజను

మరదలి మెకానిక్ షెడ్డు. మధ్యలో బావగారి రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు, దాని కడుపులో దానికంటే ఇరవై ఏళ్ళు చిన్నదైన ఇంజను. బావగారు పళ్ళ డాక్టరు. మధ్యాహ్నం క్లినిక్కు మూసి ఇక్కడికొచ్చి, సాయం చేస్తున్నానంటూ పని చెడగొట్టడం మూడు వారాలుగా ఆయన దినచర్య.

"మూసుకోదు బావా. చెప్తే వినవేం? నాలుగు వేళ్ళ ఎత్తు మిగిలిపోతోంది. బానెట్ మూసుకోదు."

"నిన్న మూడు వేళ్ళన్నావు."

"మూడన్నానా? సరే, మూడే. మూడైతే మాత్రం మూసుకుంటుందా?"

"పొద్దుటికి ఒక వేలు పెరిగిందన్నమాట. కొత్తది కదా, ఎదిగే వయసు."

"నవ్వు, నవ్వు. నేను చెప్పేది ఒక్కటే. పాత ఇంజను అదుగో, ఆ మూలే ఉంది. దుమ్ము పడకుండా దుప్పటి కూడా కప్పాను. రెండ్రోజులు టైమివ్వు. శుభ్రంగా కడిగి, రింగులు మార్చి, దాని చోట దాన్ని మళ్ళీ కూర్చోబెడతాను."

"మూడు వారాల క్రితం 'బావా, ఇక దీన్ని తూకానికి వేసుకోవడమే' అన్న మెకానిక్ ఎవరు మరి? నీ కవల చెల్లెలా?"

"అప్పుడు కోపంలో అన్నాను."

"ఇంజను మీద కోపమేంటి పిల్లా?"

"ఆయిలంతా నా నెత్తిన పోసింది. కోపం రాదా?"

"అదీ కాదు. దీనికి కొత్త మౌంటింగులు నువ్వే వెల్డింగ్ చేశావు. కింద ఆయిలు తొట్టి తగులుతోందని దాన్ని కోసి, మళ్ళీ నువ్వే అతికించావు. వారం పాటు ఆ వైర్ల కట్ట ముందేసుకుని, ఒక్కో వైరుకీ చీటీ కట్టి, తిండి కూడా మానేశావు. ఇంత చేసి, తీరా ఇప్పుడు మూత పడట్లేదని మొత్తం పీకేస్తానంటున్నావు. నువ్వేదో దాస్తున్నావు."

"నేనా? దాచడానికేముంది బావా? బానెట్టే మూసుకోవట్లేదు, లోపలున్నదంతా బయటికే కనపడుతోంది."

"సరే, ఆ స్టూలు మీద కూర్చో. ఇదేంటో చెప్పు."

"కాగితం. నీలం కాగితం."

"కొత్త పన్ను కట్టాక పేషెంటు చేత దీన్ని కొరికిస్తాం. పన్ను ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ నీలం మచ్చ పడుతుంది. పొద్దున నువ్వు గ్యాస్కెట్ కొనడానికి వెళ్ళినప్పుడు ఇక్కడికొచ్చాను. ఇంజను మీద అంతటా ఈ కాగితాలు పరిచి, బానెట్ మెల్లగా దించాను."

"ఓరి నాయనో! ఇంజనుకి పళ్ళ వైద్యం చేశావా?"

"చేశాను. అలవాటు కొద్దీ 'గట్టిగా కొరకమ్మా' అని కూడా అన్నాను."

"అది కొరికిందా?"

"బ్రహ్మాండంగా కొరికింది. బానెట్ టక్కుమని పడింది. మొత్తం మీద ఒక్కచోట మచ్చ కనపడింది, ఆయిలు పోసే మూత మీద. ఆకురాయితో నాలుగు సార్లు రుద్దితే పోతుంది. నీ నాలుగు వేళ్ళెక్కడ మరదలా?"

"స్పానరు కనపడట్లేదు. వెతుక్కుంటున్నా."

"నీ చేతిలోనే ఉంది."

"ఇది కాదు, ఇంకోటి."

"పిల్లా."

"సరే బావా, అబద్ధమే చెప్పాను. ఇప్పుడేం చేస్తావ్? పన్ను పీకుతావా?"

"ఎవరు చెప్పించారో చెప్పు, చాలు."

"ఎవరూ చెప్పించలేదు."

"మీ అక్క..."

"మా అక్కకేం సంబంధం? అక్కకి అసలు ఈ సంగతే తెలీదు. అక్క నాతో ఒక్క ముక్క కూడా అనలేదు."

"మీ అక్క టీ తెస్తానంది, వచ్చిందా అని అడగబోయాను."

"ఛ."

"దొరికావుగా. ఇక చెప్పు."

"అక్కే. పది రోజులుగా ఒకటే మెసేజీలు. 'ఆపావా? కుదరదని చెప్పావా? పాతదే మేలని చెప్పు.' స్నానం చేసొచ్చేలోపు ఆరు మెసేజీలు బావా! నేనేం చేయను?"

"ఎందుకట?"

"అక్కకి ఆ పాత చప్పుడంటే ఇష్టమట."

"నా చెవిలో పువ్వులు పెట్టకు. పాతికేళ్ళుగా ఆ కారెక్కినప్పుడల్లా 'ఇది కారా, పిండిమరా' అని తిట్టిన మనిషి. ఆవిడకి చప్పుడంటే ఇష్టమా?"

"మనుషులు మారతారు బావా."

"ఇంజన్లు మారతాయి. మీ అక్క మారదు."

"పోనీ నీకెందుకింత పట్టుదల? కారు కొన్నప్పట్నుంచీ ఆ గోలని భరించావు. ఇప్పుడేమైంది? ఇది చాలదన్నట్టు రెండో సైలెన్సరట, బండి అడుగున రబ్బరు పరుపట, తలుపులకి దూదట. కారా ఇది, బాలింత గదా?"

"ఆదివారం సాయంత్రం ఇద్దరం దీంట్లో ఊరి బయటిదాకా వెళ్ళొస్తాం కదా. వెళ్ళడానికో గంట, రావడానికో గంట. సీట్లు రెండే కాబట్టి మధ్యలో దూరేవాళ్ళుండరు. వారం మొత్తానికి మాకు దొరికేది ఆ రెండు గంటలే. ఆ రెండు గంటలూ ఇంజనే మాట్లాడుతుంది. నేనేదో అరుస్తాను, తను 'ఆఁ' అంటుంది. నాక్కూడా మీ అక్కతో మాట్లాడాలని ఉంటుంది పిల్లా."

"ఇంట్లో మాట్లాడుకోండి. ఇల్లు లేదా మీకు?"

"ఇంట్లో నేను నోరు తెరిస్తే చాలు, తను కుళాయి తిప్పుతుంది. కుళాయి కట్టేస్తే మిక్సీ వేస్తుంది. మిక్సీలో ఏమీ ఉండదు."

"నువ్వు రోజంతా నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళతో మాట్లాడతావు. వాళ్ళేం బదులు చెప్తారు? బదులు రాకపోవడం నీకు అలవాటే కదా బావా."

"అందుకే ఇంటికొచ్చేసరికి బదులు కావాలనిపిస్తుంది. మీ అక్క ఈ మధ్య అన్నిటికీ ఒకే మాట. మొన్న 'నేను సన్యాసుల్లో కలిసిపోతున్నా' అన్నాను. 'ఆఁ, తొందరగా వచ్చేయండి' అంది."

"అది... బావా, అక్క కావాలని అలా అనలేదు."

"మరి?"

"మరేం లేదు. ఆకురాయి లోపలి గదిలో ఉంది. వెళ్ళి తెచ్చుకో. ఆ మచ్చేదో రుద్దేసి ఈ గొడవ వదిలించుకుందాం."

"ఏ గదిలో?"

"టైర్ల వెనకాల అలమరలో. కింది అరలో చూడు. తొందరేం లేదు, మెల్లగా వెతుకు. అదుగో, నీ టీ కూడా వచ్చింది. రా అక్కా, ఇటు రా. కాలికి వైరు తగులుతుంది, చూసుకో."

"ఆయనేరీ?"

"లోపలికెళ్ళాడు."

"ఎక్కడికెళ్ళారు?"

"లోపలికి! అలమర దగ్గరికి!"

"ఎందుకే ఆ అరుపు? అటు తిరిగి గొణగకుండా నన్ను చూస్తూ చెప్తే సరిపోతుంది. ఆపావా పని?"

"లేదక్కా, దొరికిపోయాను."

"ఏం దొరికింది?"

"నేను! నేను దొరికాను బావకి! పళ్ళకి పెట్టే కాగితాలు పెట్టి కనిపెట్టేశాడు."

"మెల్లగా, ఆయన వింటారు."

"మెల్లగా చెప్తే నీకు వినపడదు. గట్టిగా చెప్తే బావకి వినపడుతుంది. మీ ఇద్దరి మధ్యా నన్నేం చేయమంటావక్కా?"

"సరే, బానెట్ సంగతి వదిలెయ్. వెనకాల పొగ వదిలే గొట్టానికి లావుగా ఉంటుందే, సైలెన్సరు, దాన్ని పీకెయ్. చెడ్డ గోల చేస్తుందిగా?"

"చేస్తుంది. పోలీసులు పట్టుకుంటారు."

"పట్టుకోనీ."

"అక్కా, ఇదంతా ఎందుకు? బావకి ఒక్క మాట చెప్పేయొచ్చుగా. చెవి డాక్టరు మిషను పెట్టుకోమన్నారు కదా. కొనుక్కొచ్చి ఆర్నెల్లయింది. బీరువాలో దాచావు. చెవికి పెట్టుకునేది బీరువాకి పెడితే ఎలా?"

"పెట్టుకుంటే కనపడుతుంది."

"కనపడితే ఏమైంది?"

"నీకర్థం కాదే. ఆ పాత కార్లో ఆయనకీ వినపడదు, నాకూ వినపడదు. ఇద్దరం సమానం. ఆ రెండు గంటలూ నేను మామూలు మనిషిని. ఇప్పుడు ఈ కిమ్మనని ఇంజను పెట్టించి, పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన ఏదో అడుగుతారు. నేను ఇంకేదో చెప్తాను. ఒకసారి నవ్వుతారు. రెండోసారి నవ్వుతారు. మూడోసారి నుంచి అడగడం మానేస్తారు."

"బావ అలాంటివాడు కాదు."

"మా అత్తగారికి ఏం జరిగిందో నేను కళ్ళారా చూశాను. ఇంటినిండా మనుషులే. ఆవిడంటే అందరికీ ప్రాణమే. కానీ ఆవిడకి ఎవరూ ఏదీ చెప్పేవాళ్ళు కాదు. 'మళ్ళీ అరవాలి, తర్వాత చూద్దాంలే' అనుకునేవాళ్ళు. మంచివాళ్ళకి కూడా గొంతు నొప్పి పుడుతుంది చెల్లీ. నాకు భయంగా ఉంది. ఆయన నాతో మాట్లాడటం మానేస్తే నేను తట్టుకోలేను."

"అక్కా..."

"ఊరుకో, వస్తున్నారు. ఏమండీ, టీ చల్లారిపోతోంది."

"ఆకురాయి కింది అరలో లేదు పిల్లా, పై అరలో ఉంది. నీ షెడ్డు సంగతి నీకంటే నాకే బాగా తెలుసు. జరుగు. ఇదుగో, అయిపోయింది. ఏమోయ్, టీ పెట్టి ఇటొచ్చి నిలబడు. మన కొత్త ఇంజను మొదటిసారి పలకబోతోంది. మెకానిక్ గారూ, తాళం తిప్పండి."

"ఇప్పుడేనా? పెట్రోలు పంపు ఇంకొక్కసారి చూడాలి. కంప్యూటరు డబ్బా వైరు కూడా..."

"తిప్పమన్నాను."

"తిప్పుతున్నా బాబూ. ఇదుగో."

"ఆహా! చూడు, ఎంత నెమ్మదిగా ఉందో. పట్టు చీర నడిచెళ్ళినట్టు."

"బాగుంది బావా. నిజంగా బాగుంది. నా పని నాకే ముద్దొస్తోంది."

"ఏంటి మీరిద్దరూ అలా చూస్తున్నారు? తాళం తిప్పవేమే? ఎంతసేపు నిలబడాలి?"

"అక్కా, అది... తిప్పానక్కా. నడుస్తోంది. మరీ చప్పుడు లేదు కదా, నాకే వినపడట్లేదు. ఎవరికీ వినపడదు. కదా బావా?"

"నాకు వినపడుతోంది."

"బావా!"

"నువ్వు ఊరుకో పిల్లా. ఏమోయ్, కార్లో కూర్చో."

"ఎందుకండీ? టీ..."

"టీ ఎక్కడికీ పోదు. కూర్చో. తలుపు వేసుకో. నేనూ ఎక్కుతున్నా. మరదలా, నువ్వలా బయటికెళ్ళి రా."

"నేనెక్కడికీ వెళ్ళను. ఇంజను వేడెక్కుతుందేమో చూసుకోవాలి."

"ఇంజను ముందుంది. నువ్వు కిటికీలో ఉన్నావు."

"ఇక్కణ్నుంచే చూస్తాను."

"నీ ఇష్టం. ఏమోయ్, ఇటు తిరుగు. నా మొహం చూడు. పెళ్ళప్పట్నుంచీ ఉన్న మీసం నేనెందుకు తీయించానో తెలుసా?"

"తెల్లబడిందని. వయసు కనపడకూడదని."

"పెదాలు కనపడాలని."

"అంటే?"

"క్లినిక్‌లో మాస్కు పెట్టుకుని చెప్తే సగంమందికి అర్థం కాదు. మాస్కు కిందికి లాగి చెప్తే అర్థమవుతుంది. నా మీసం నీకు మాస్కులా అడ్డొస్తోందనిపించింది. తీయించేశాను. అప్పటికే నీకు సరిగ్గా వినపడట్లేదని తెలుసు. రెండేళ్ళయింది."

"రెండేళ్ళా! అక్కా, నాకు చెప్పి ఆర్నెల్లేగా అయింది?"

"నువ్వు నోరు మూసుకోవే. ఏమండీ... రెండేళ్ళుగా తెలిసి ఎందుకడగలేదు?"

"నువ్వు దాచుకున్నావు. నోట్లోంచి మాటలు లాగడం నాకు రాదు. పళ్ళయితే లాగుతాను."

"మరి సన్యాసుల్లో కలుస్తానని ఎందుకన్నావు బావా?"

"ఆవిడకి వినపడదని తెలుసు కాబట్టే ధైర్యం చేశాను."

"ఏంటి? ఎవరితో కలుస్తారు?"

"ఎవరితో కలవను. అది తర్వాత చెప్తాను."

"తర్వాత వద్దు. మా అత్తగారికి అందరూ తర్వాతే చెప్పేవాళ్ళు."

"నిజమే. నేనూ అలాగే అన్నాను మా అమ్మతో. ఎన్నోసార్లు అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. నీతో ఆ మాట అనను. సన్యాసుల్లో కలిసిపోతానని అన్నాను, నువ్వు తొందరగా వచ్చేయమన్నావు. ఇంకా నీకు చెప్పనివి చాలా ఉన్నాయి. అన్నీ చెప్తాను, ఎన్నిసార్లయినా చెప్తాను."

"అన్నీ తెలిసినప్పుడు మరి ఈ ఇంజనెందుకండీ? చప్పుడున్నా లేకపోయినా నాకు ఒకటే కదా. దండగ."

"ఒకటి కాదు. నా వైపు చెవికి ఇంకా కాస్త వినపడుతుంది. అటు నుంచి పిలిస్తే తిరుగుతావు, నేను చూశాను. పాతికేళ్ళపాటు ఆ చెవిని మొత్తం ఆ పాత ఇంజనుకే ఇచ్చేశాం. మిగిలింది కాస్తే. ఆ కాస్తా కూడా ఇంజనుకే ఎందుకివ్వాలి? అది నాక్కావాలి."

"ఏమన్నారు?"

"బావా, అక్కకి వినపడలేదు. ఇంజను ఆపేయనా?"

"వద్దే, ఉండనీ. వినపడింది. ఏమండీ, ఇంకోసారి చెప్పండి."