గుర్రం దాచుకున్న ఇనుము

అది గుంటూరులో ఒక కాలేజీ లాబొరేటరీ. చచ్చిపోయిన గుర్రం ప్లీహాన్ని లెక్చరరు అడిగి తీసుకున్న పది రోజులకు, దాని యజమాని జట్కా సాయిబు మైక్రోస్కోపు ముందు నిలబడ్డాడు.

“ఒక కన్ను మూసి చూడు, సాయిబూ.”

“అబ్బో! కల్లంలో మిరపకాయల రంగు సార్! కాకపోతే ఎవరో కూర్చుని చెక్కినట్టు పలకలు పలకలుగా ఉన్నాయి.”

“నీ గుర్రం ప్లీహంలోంచి తీసిన స్ఫటికాలే అవి. ఆ రంగు ఇనుముది.”

“ఇనుమా? నన్ను వినమంటారా, నమ్మమంటారా?”

“రెండూను. ఒంట్లో ఇనుము విడిగా తిరిగితే చేటు. అందుకని ఒక ప్రోటీను బోలు బంతిలా మారి, దాన్ని లోపల దాస్తుంది. కొత్త నెత్తురు కావలసినప్పుడు కాస్త కాస్త వదులుతుంది. నువ్వు చూసే ఒక్కో స్ఫటికంలో అలాంటి బంతులు కోట్లు.”

“యా అల్లా! కాళ్ళకు నాడాలు కొట్టించానే గానీ దాని నాడి పట్టుకోలేకపోయాను. సార్, ఒక్క మాట. వేసవిలో ఉలవలు మానేసి కాలవగట్టు గడ్డే పెట్టాను. పస్తులుపెట్టి చంపానని మా ఇంటిది ఖాదర్‌బీ నాతో మాట్లాడటం లేదు. నిజమేనంటారా?”

“అదెందుకు పోయిందో నేను చెప్పలేను. ఇనుముకు మాత్రం లోటు లేదు. నువ్వు పెట్టిన మేతలోంచే ఇంత కూడబెట్టుకుంది.”

“ఆ గడ్డిలోంచా?”

“ఆ గడ్డిలోంచి కూడా.”

“నా చేతి గడ్డి లోపలికెళ్ళి ఇలా మెరిసిందా! ఆ గాజుపలక కదపకండి సార్. ఖాదర్‌బీ గేటు బయటే ఉంది, పిలుచుకొస్తాను.”