లోను రాకముందే అడ్వాన్సు

“కూర్చోరా అబ్బాయ్. ఆ ఇల్లు అమ్మేవాడు వస్తానన్నది నాలుగింటికి కదా, ఇంకా అరగంట ఉంది. అమ్మా, నువ్వూ కూర్చో, ఆ కాగితాల కవరు అలా అదిమి పట్టుకుంటే నలిగిపోతుంది. దేవుడి దయవల్ల సమయానికి మీకు నేను దొరికాను. ఇల్లు కొనడమంటే ఏమిటో ఈ టీ కొట్టు మొత్తం మీద తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఏం అక్కా, కాదంటావా?”

“నేనేమన్నాను బాబూ,” అంది టీ కొట్టామె గ్లాసులు కడుగుతూ.

ఆ అబ్బాయి లిఫ్టు మెకానిక్. ఆ పెద్దాయన పక్కనే బెంచీ అంచున కూర్చున్నాడు. కళ్ళాసుపత్రి ల్యాబులో పనిచేసే అతని భార్య మాత్రం కూర్చోలేదు.

“బాబాయ్, మా భయం ఒక్కటే,” అందామె. “మా లోను ఇంకా మంజూరు కాలేదు. బ్యాంకువాళ్ళు ఇంటికి విలువ కట్టి, రెండు వారాల్లో చెప్తామన్నారు. అమ్మేవాడేమో అయిదు లక్షల అడ్వాన్సు ఇవాళే కట్టమంటున్నాడు. లోను రాకపోతే తిరిగిస్తానని ఒక్క ముక్క రాయమంటే రాయనంటున్నాడు.”

“ఏడేళ్ళు కూడబెట్టింది బాబాయ్,” అన్నాడు మెకానిక్. “అయిదింటికి ఇంకో పార్టీ వస్తుందట.”

“అంతేనా? నా మొదటి ఇల్లప్పుడు నేనూ ఇలాగే వణికాను. అబద్ధం చెప్పను, పైనుంచి ఆయన చూస్తూంటాడు. లోను రాకముందే అడ్వాన్సు కట్టేశాను, ఆ ముక్కా లేదు, ఈ ముక్కా లేదు. దణ్ణం పెట్టుకుని బ్యాంకులో అడుగుపెట్టాను. ప్రాసెసింగు ఫీజు పదివేలన్నాడు మేనేజరు. నేనేమీ అనలేదు, ఊరికే చూశాను. అయిదువేలన్నాడు.”

“చూస్తేనే?” అన్నాడు మెకానిక్.

“చూస్తేనే. రెండోసారి చూసేసరికి ఫీజే తీసేశాడు. మూడోసారి చూడబోతే, అయ్యా, కాస్త అటు తిరగండి అని బతిమాలాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లాయరు దిగాడు. ముప్పై ఏళ్ళ పాత దస్తావేజులు చూడాలట, దానికి వేరే ఫీజట. చూడటమెందుకు నాయనా, నేను చెప్తా రాసుకో అన్నాను. ఎవరు ఎవరికి అమ్మారు, ఆ అమ్మినవాడి తాత ఎవరి దగ్గర కొన్నాడు, అలా వెనక్కి వెనక్కి చెప్పుకుంటూ పోయి, సాయంత్రానికి ఆ స్థలం ఇంకా సముద్రం అడుగున ఉన్న రోజుల దాకా వెళ్ళాను. లాయరు కలం కింద పెట్టి, ఫీజు నాకే ఎదురిచ్చి, గురువుగారూ సెలవు అన్నాడు.”

“సముద్రం అప్పుడు ఎవరి పేరు మీదుందో?” అంది టీ కొట్టామె.

“పైవాడి పేరు మీద. ఇంకెవరి పేరు మీదుంటుంది?”

మెకానిక్ నవ్వి జేబులోంచి పెన్ను తీశాడు. అతని భార్య ఆ పెన్ను వైపు చూసింది.

“బాబాయ్, ఇల్లు అరవై లక్షలంటున్నాడు. బ్యాంకువాళ్ళు యాభయ్యే అని విలువ కడితే, ఆ యాభైని బట్టే కదా లోను ఇచ్చేది. ఆ తేడా మేమెక్కడ తెస్తాం?”

“అక్కడికే వస్తున్నా తల్లీ. విలువ కట్టే మనిషి టేపు పట్టుకొచ్చాడు. నేను హాల్లో కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నాను. ఈ గోడ నుంచి ఆ గోడకి కొలిచాడు, టేపు చాల్లేదు. ఇంకోటి తెచ్చాడు, అదీ చాల్లేదు. నేను ఒక్కో మాట పలికినకొద్దీ గోడ ఒక్కో అడుగు వెనక్కి జరుగుతోంది మరి. వంటగది కొలవడానికి పొద్దున బయల్దేరినవాడు మధ్యలో ఆగి అన్నం తిని వెళ్ళాడు. మంచినీళ్ళిచ్చి గ్లాసు వెనక్కి తీసుకునేలోపు విలువ మూడు లక్షలు పెరిగింది.”

రోడ్డవతల ఓ కారు ఆగింది. అందులోంచి దిగిన మనిషి వాచీ చూసుకున్నాడు.

“వచ్చేశాడు,” అన్నాడు మెకానిక్ లేస్తూ.

“రానీ. వడ్డీ సంగతి వినకుండా వెళ్తావా? తొమ్మిది శాతమన్నాడు మేనేజరు. నేను కుర్చీలో సర్దుకున్నాను, ఎనిమిదికి దిగింది. దగ్గాను, ఆరు. ఇక ఆగదే. ఆపుదామని మేనేజరు బల్ల పట్టుకుని వేలాడాడు, అయినా సున్నా దాటి అవతలివైపుకి పోయింది. ఇప్పుడు నెలనెలా కిస్తీ కట్టేది నేను కాదు, బ్యాంకే నాకు కడుతుంది. మేనేజరు స్వయంగా తెచ్చి గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడతాడు. కాబట్టి అబ్బాయ్, ఆ ముక్కా గిక్కా అడిగి బేరం చెడగొట్టుకోకు. వెళ్ళి సంతకం పెట్టు. నేను చెప్తున్నాగా.”

మెకానిక్ పెన్ను మూత తీశాడు. అతని భార్య పెన్ను అందుకుని, కవరులోంచి ఓ తెల్లకాగితం తీసి, బల్ల మీద వంగి రాయసాగింది. రక్తం సీసా మీద పేరు రాసినంత జాగ్రత్తగా రాసింది. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు దించి చూస్తున్నారు.

“ఏమిటమ్మా అది?”

“చదువుతా బాబాయ్. ‘వీళ్ళకి లోను రాక అడ్వాన్సు పోతే, ఆ అయిదు లక్షలు నేను ఇస్తాను.’ కింద మీ సంతకం. బ్యాంకే మీకు నెలనెలా కడుతోంది కదా, మీకిదొక లెక్కలోది కాదు.”

“తప్పకుండా. దానికేం భాగ్యం. నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో...”

“ముక్కు మీదే ఉంది,” అంది టీ కొట్టామె.

“ఆ. ఈ పెన్ను రాస్తుందో లేదో...”

“రాస్తోంది బాబాయ్. ఇప్పుడేగా రాశాను.”

పెన్ను కాగితం మీదికి వచ్చి, అక్కడే గాల్లో ఆగిపోయింది. రోడ్డవతల మనిషి చెయ్యి ఊపుతున్నాడు. కాసేపటికి పెన్ను బల్ల మీదికి దిగింది.

“నా దగ్గర అయిదు వేలు కూడా లేవమ్మా.”

“మరి మమ్మల్ని ఏ ధైర్యంతో పెట్టమంటున్నారు ఆ సంతకం?” అంది ఆమె. గొంతు పెంచలేదు. ‘నేను ఇస్తాను’ అన్నది కొట్టేసి, పైన ‘ఇల్లు అమ్మేవాడు తిరిగి ఇస్తాడు’ అని రాసి, కాగితం భర్త చేతిలో పెట్టింది. “అతను దీని మీద సంతకం పెడితేనే మనం కట్టేది. పెట్టకపోతే ఆ ఇంకో పార్టీకే అమ్ముకోమందాం. పదండి.”

మెకానిక్ రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

“బాబాయ్, మరి మీ మొదటి ఇల్లు?”

“అడ్వాన్సు కట్టాను నాయనా. అక్కడిదాకా నిజమే.”